సున్నా బిల్లు

ఈమధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు నన్ను చూడ్డానికి వచ్చారు. రిటైరైనవాణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్ళు మామూలుగా బీపీ సంగతీ, షుగర్ సంగతీ అడుగుతారు. వీళ్ళు మాత్రం, “సార్, మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టపడి సాఫ్ట్‌వేర్ పెట్టింది ఎక్కడ?” అని అడిగారు. ఏ పెద్ద రైస్ మిల్లో, ఎరువుల డిపోనో చెబుతాననుకున్నారు. అరకులో ఒక చిన్న హోటల్ అన్నాను. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పార్వతీపురంలో ఒక డీలరు దగ్గర నా ఉద్యోగం. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొన్న షాపులకి వెళ్ళడం, కంప్యూటర్లో దాన్ని ఎక్కించడం, సరుకుల పేర్లు, ధరలు పెట్టడం, కౌంటర్లో కూర్చునే మనిషికి నేర్పించి రావడం. పని చెప్పుకోవడానికి అంతే. కానీ నాకో జబ్బుంది. ఏ కొట్టుకి వెళ్ళినా, అక్కడ ఏది ఎందుకు అలా జరుగుతోందో తెలుసుకోకపోతే అన్నం సయించదు. బట్టల కొట్లో చీర మడత ఎందుకు అలా పెడతారో, మిల్లులో తవుడు ఎవరు పట్టుకెళ్తారో అన్నీ కావాలి. మా యజమాని విసుక్కునేవాడు: “మీరు సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వెళ్తున్నారా, పెళ్ళిచూపులకి వెళ్తున్నారా?” రెండింటికీ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం. మీరూ ఈ ఉద్యోగంలోకి వచ్చారు కాబట్టి చెబుతున్నాను, ఆ జబ్బు తగిలించుకోండి, నష్టం లేదు.

ఆ హోటల్ అరకు సంతకి దగ్గర్లో, రోడ్డు పక్కన ఉండేది. రేకుల కప్పు, ముందు కొన్ని బల్లలు, వెనక పెద్ద పెరడు. పెరట్లో నిప్పుల గుంట. అక్కడ దొరికేదల్లా అన్నం, పప్పు, బొంగు చికెన్. బొంగు చికెన్ మీరంతా తినే ఉంటారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి విస్తళ్ళు కుట్టే అడ్డాకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె పడదు. బొంగు పచ్చిగా ఉండాలి. ఎండినదైతే కూర ఉడికేలోపే అంటుకుని పగిలిపోతుంది.

హోటల్ యజమాని ఒక గిరిజన స్త్రీ. నలభై దాటిన మనిషి. కొండ మీద ఆమె పుట్టిన ఊరు జీపులో వెళ్తే ఎంతో దూరం కాదు. వంటింట్లో పనిచేసే ఆడవాళ్ళంతా ఆ ఊరివాళ్ళే, ఒకరు పిన్ని, ఒకరు వదిన, ఒకరు మేనకోడలు. బియ్యం, నూనె, పప్పులు పోసేది ఒక షావుకారు. మైదానం నుంచి ఆయన తండ్రి హయాంలోనే వచ్చి సంత దగ్గర కిరాణా కొట్టు పెట్టారు. ఏజెన్సీలో మైదానం వాళ్ళకి జాగా కొనే హక్కు లేదు కనుక జాగా ఆమెది, పెట్టుబడి ఆయనది, లాభం చెరిసగం. కంప్యూటరు, బిల్లు మిషను ఆయనే కొన్నాడు. ఎందుకంటే విశాఖపట్నం నుంచి యాత్రికుల బస్సులు నడిపే ఒక టూరిస్టు కంపెనీ వాళ్ళు, మధ్యాహ్నం భోజనాలు ఇక్కడే పెట్టిస్తామనీ, కానీ అచ్చు బిల్లులు, నెల నెలా లెక్కలు కావాలనీ అన్నారు.

నేను వెళ్ళి సరుకుల పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాను. హోటల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది. ఒక ప్లేటుకి ఎంత బియ్యం, ఎంత కోడి, ఎన్ని బొంగులు అని ముందే చెప్పిపెడితే, బిల్లు కొట్టినప్పుడల్లా అది సరుకులోంచి అంత తీసేసుకుంటుంది. రోజూ రాత్రి మిగిలిన సరుకు తూచి చూస్తే లెక్క కలవాలి.

“బొంగు ఎంతకి కొంటున్నారమ్మా?” అన్నాను.

“బొంగు కొంతారేటి బాబూ? మా ఊరోలు తెత్తారు.”

“ఊరికేనా?”

“ఊరికే ఎందుకు తెత్తారు? మావోలు గదా, తెత్తారు.”

నా ప్రశ్నకి అది జవాబు కాదని ఆమెకీ అనిపించినట్టుంది, నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. నేను బొంగు ధర దగ్గర సున్నా పెట్టి ముందుకి సాగిపోయాను.

తర్వాత కొద్ది వారాలు నేను వెళ్ళి వస్తూనే ఉన్నాను. ఆమె చురుకైన మనిషి, కౌంటర్లో కూర్చుని బిల్లు కొట్టడం తొందరగానే పట్టేసింది. మిషనులోంచి కాగితం కిర్రుమంటూ బయటికొస్తుంటే ఆమె మొహం చూడాలి. ఇంతలో షావుకారు నా పక్కన కుర్చీ లాక్కుని, “ఏదీ, ఆ బియ్యం లెక్క చూపించండి మాస్టారూ” అన్నాడు. చూపించాను. అమ్మిన భోజనాలకి పట్టాల్సిన బియ్యం కన్నా చాలా ఎక్కువ ఖర్చయింది.

“అదీ సంగతి,” అన్నాడు ఆయన. “వంటింట్లో ఎలకలు పడ్డాయి. చీరలు కట్టుకున్న ఎలకలు.”

లోపలివాళ్ళకి వినిపించేటట్టే అన్నాడు. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె కౌంటర్ దగ్గరనుంచి లేచి వచ్చింది.

“మావోలు దొంగతనం సెయ్యరు సావుకారూ.”

“నేనన్లేదమ్మా, కంప్యూటరు అంటంది. బస్సులు మొదలయ్యేటప్పటికి కింద ఎస్.కోట నుంచి మగ వంటోళ్ళని తెచ్చి పెడతాను. ఆ ఆడోళ్ళని మాన్పించేయ్.”

“వోలు నేపోతే నాకీ హోటలెందుకు? వోలకోసమే గదా ఎట్టినాను.”

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. కానీ పెట్టుబడి ఎవరిదో ముగ్గురికీ తెలుసు. నాకు మనసులో చాలా చిరాకేసింది. ఆ రిపోర్టు తీసి చూపించింది నేనే, ఆ ఆడవాళ్ళు రోజూ నాకు అడక్కుండానే అల్లం టీ తెచ్చిచ్చేవాళ్ళు.

ఆ రాత్రి లాడ్జిలో రోజువారీ లెక్కలు విడదీసి చూశాను. చిత్రమేమిటంటే బియ్యం తరుగుదల రోజూ లేదు. సంత రోజునే ఉంది. దొంగలైతే వారానికి ఒక్కరోజే, అదీ జనం కిటకిటలాడే రోజు చూసుకుని ఎందుకు ఎత్తుతారు? ఇక నాకు నిద్రపట్టలేదు. సంత దాకా ఆగుతానని మా యజమానికి ఫోన్ చేశాను. “పెళ్ళికూతురు నచ్చిందా?” అన్నాడు.

సంత రోజు నేను కౌంటర్ దగ్గర కాకుండా పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాను. పొద్దెక్కేసరికి కొండమీదనుంచి మనుషులు దిగడం మొదలైంది. భుజాలమీద పచ్చి బొంగులు. కొందరి దగ్గర అడ్డాకుల కట్టలు. గోడ వారగా దింపేసి, కాళ్ళు కడుక్కుని, రేకు పంచలో వరసగా కూర్చున్నారు. లోపలినుంచి ఆడవాళ్ళు అన్నం గంగాళం తెచ్చారు. కడుపునిండా పెట్టారు. నవ్వుకున్నారు, ఎవరికో కొడుకు పుట్టిన కబుర్లు చెప్పుకున్నారు. లేచి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి చేతికీ అడ్డాకులో ఇంత అన్నం మూటకట్టి ఇచ్చారు. ఒక ముసలాయన, యజమానురాలికి మేనమామ అవుతాడట, వెళ్తూ వెళ్తూ ఇంకో రెండు బొంగులు పక్కన పడేసి పోయాడు. ఎన్ని తెచ్చారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎంత తిన్నారో ఎవరూ చూడలేదు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పోయిన బియ్యమూ దొరికింది, కొనని బొంగుకి ధరా దొరికింది. పరుగున కొట్టుకి వెళ్ళి షావుకారుతో చెప్పాను. ఆయన తూకం వేస్తూనే విన్నాడు.

“బాగుంది. అయితే అది కంప్యూటర్లో కనబడాల. కనబడకపోతే నాకు దొంగతనమే.”

దానికేం భాగ్యం అనుకున్నాను. బొంగులు తెచ్చిన మనిషి పేరున బొంగుల ఖరీదు ఒకవైపు, తిన్న భోజనం ఖరీదు ఇంకోవైపు. రెండూ సరిపోయేటట్టు ధర కట్టాను. బిల్లు కొడితే చివర సున్నా వస్తుంది. బియ్యం తేలిపోతుంది, బొంగు తేలిపోతుంది, ఆడవాళ్ళ మీద నింద తేలిపోతుంది. ఆమెకి చూపిస్తే కళ్ళు చెమర్చాయి. “బతికించినావు బాబూ” అంది.

మళ్ళీ వచ్చిన సంతకి నేను అక్కడే ఉన్నాను. ఊరివాళ్ళు తిని లేస్తుంటే ఆమె స్వయంగా బిల్లులు కొట్టి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి రెండు చేతులతోనూ ఇచ్చింది.

“కాగితం ఇవ్వక్కర్లేదమ్మా, లోపల లెక్క ఉంటే చాలు” అన్నాను.

“అదేటి బాబూ! విశాపట్నం వోలకి ఇచ్చి, మావోలకి ఇవ్వకపోతే సిన్నతనం కాదేటి?”

నిజమే అనిపించింది. ముసలాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు. మిగతావాళ్ళూ అలాగే తీసుకున్నారు. అన్నం మూటలు మాత్రం తీసుకోకుండా వెళ్ళిపోయారు. మొహమాటం కాబోలు అనుకున్నాను. ఇన్ని ప్రశ్నలు వేసేవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న వేయలేదు చూడండి.

ఆ వారం లెక్క గింజ తేడా లేకుండా కలిసింది. షావుకారు ఎస్.కోట వంటవాళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. వంటింటి ఆడవాళ్ళు నాకు టీతోపాటు ఉడకబెట్టిన చిలగడదుంపలు కూడా పెట్టారు.

తర్వాతి సంత రోజునే టూరిస్టు కంపెనీ వాళ్ళు మొదటి బస్సు పంపుతామన్నారు. వాళ్ళ మేనేజరు కూడా వస్తున్నాడు. అన్నీ చూసుకుని నచ్చితే ఒప్పందం. పొద్దున్నే కోళ్ళు కోసి, మసాలా కలిపి, నిప్పులు చేసి ఉంచారు. బొంగులు రాలేదు. ఎండ ముదిరింది. సంతలో జనం నిండిపోయారు. ఆ ఊరి మనుషులు మా హోటల్ ముందునుంచే వెళ్ళారు. తల తిప్పలేదు. ఒక్కరూ లోపలికి రాలేదు.

షావుకారు సంతంతా తిరిగి, డబ్బుపోసి ఏవో బొంగులు తెచ్చాడు. ఒకటి నిప్పులమీద పెట్టగానే ఫట్టుమని పగిలింది. ఎండు వెదురు. ఆయన మొహం ఎర్రబడింది.

“సొంత ఊరోళ్ళే చెయ్యిచ్చారు. ఇలాంటోళ్ళని నమ్మి వంటిల్లు ఒదిలితే రోజూ ఇదే గొడవ. బస్సు తినకుండా ఎనక్కి పోయిందంటే రేపట్నించే మా వంటోళ్ళు దిగుతారు. ఇంక నాకేటీ సెప్పొద్దు.”

ఆమె చెంగు బొడ్లో దోపుకుని, ఎదురుగా ఉన్న జీపువాణ్ణి పిలిచింది. నేనూ ఎక్కాను. నన్నెవరూ రమ్మనలేదు. కానీ ఊరివాళ్ళు ఎందుకు రాలేదో తెలియకుండా నేను కౌంటర్ దగ్గర ఎలా కూర్చోగలను?

ఊరు చేరేటప్పటికి ముసలాయన తన ఇంటి అరుగుమీద కూర్చుని బుట్ట అల్లుకుంటున్నాడు. మమ్మల్ని చూసి చాప చూపించి, మళ్ళీ అల్లిక మొదలుపెట్టాడు.

“ఏటి మావా, బొంగులు తేనేదు? ఒంట్లో బాగునేదా?”

“బాగానే ఉన్నాది.”

“మరి?”

ఆయన తలపాగాలోంచి బిల్లు తీసి నా చేతికిచ్చాడు. “సదువు బాబూ. మా గుంటడొకడు సదివినాడు గానీ, నీ నోట ఇంతాను.”

చదివాను. భోజనం ఇంత, బొంగులు ఇంత, పోగా సున్నా.

“ఆ కడాకరిది. సున్నా అంతే ఏటి?”

“అంటే, మీరు వాళ్ళకి ఇవ్వాల్సిందీ లేదు, వాళ్ళు మీకు ఇవ్వాల్సిందీ లేదు. ఇద్దరికీ సరిపోయింది.”

“మావూ అదే అనుకున్నాం,” అన్నాడాయన. “మా కాడ ఆలుమగలు ఇడిపోయినప్పుడు పెద్దలు కూకుని ఇచ్చిందీ పుచ్చుకున్నదీ సరిసేత్తారు. ఎవులికీ ఎవులూ బాకీ నేదని సెప్పి లెగిసిపోతారు. ఆనాటినించి ఆ గుమ్మం తొక్కరు. మా గుంట, మా ఇంటి ఆడపిల్ల, మాకు కాయితం ఇచ్చింది. అందరికీ ఇచ్చింది. సరే, వొద్దనుకున్నాది గావాలనుకున్నాం. ఇంకేటి మొకం ఎట్టుకుని వత్తాం?”

గౌరవం అనుకుని ఆమె రెండు చేతులా ఇచ్చిన కాగితం అది. చాపమీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆ లెక్క కట్టింది నేను, సున్నా వచ్చేటట్టు ధర సరిచేసింది కూడా నేనే. ఏదో సర్దిచెప్పబోయాను. ముసలాయన చెయ్యెత్తి ఆగమన్నాడు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది. క్షమించమంటుందనుకున్నాను. అనలేదు.

“మావా, ఇంత సామలెట్టు.”

“ఏటీ?”

“సామలు. ఓ కుంచెడు. జావ కాసుకుంతాను.”

“నీ హోటల్లో బియ్యం బస్తాలకి బస్తాలుండగా నా సామలెందుకే నీకు?”

“నాకు కావాల. తిరిగి ఇచ్చేత్తాను.”

“ఎప్పుడిత్తావు?”

“ఇచ్చినప్పుడు ఇత్తాను. ఇప్పుడైతే నా కాడ నేవు. బాకీ ఉంతాను.”

ముసలాయన బోసినోటితో పెద్దగా నవ్వాడు. ఇంట్లోకి కేకేస్తే ఆయన భార్య కుంచంతో సామలు తెచ్చి, అంచు దాటి పొర్లేటట్టు ఆమె కొంగులో పోసింది. ముసలాయన చూరులోంచి కత్తి లాగి, పెరటివైపు నడుస్తూ పక్కిళ్ళవాళ్ళని పేరుపేరునా పిలిచాడు. “బేగి రండొరే, మన గుంట బస్సు వొచ్చేత్తంది!”

జీపు నిండా పచ్చి బొంగులు. వాటిమీద మనుషులు. ఒక కాలు బయటపెట్టుకుని నేను.

మేం దిగేసరికి బస్సు వచ్చి నిలబడి ఉంది. ఘాట్ రోడ్డుమీద మలుపులకి యాత్రికులు నీరసపడి ఉన్నారు, షావుకారు వాళ్ళకి మజ్జిగ పోసి నిలబెట్టాడు. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి, కోపం ఉన్నా వ్యాపారం తెలిసిన మనిషి. ఇక ఆ పెరట్లో జరిగిన పని చూడవలసిందే. కోసేవాళ్ళు కోస్తున్నారు, కూరేవాళ్ళు కూరుతున్నారు, ముసలాయన నిప్పుల దగ్గర కూర్చుని బొంగులు తిప్పుతున్నాడు. యాత్రికులంతా బల్లలు వదిలేసి పెరట్లోకి వచ్చి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. ఆలస్యమైందని మేనేజరు ముందు కాస్త గొణిగాడు. తిన్నాక గొణగలేదు. వచ్చే వారంనుంచి బస్సులు పంపుతానని చెప్పి, బిల్లు తీసుకుని వెళ్ళాడు.

బస్సు కదిలాక ఊరివాళ్ళు పంచలో కూర్చున్నారు. ఆమె వడ్డిస్తోంది. షావుకారు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను ఆయనకి జరిగినదంతా చెప్పాను. వంటింటి ఆడవాళ్ళ సంగతి ఇప్పుడైనా తేల్చండి అని కూడా కొంచెం గట్టిగానే అన్నాను. అది నా ఉద్యోగంలో భాగం కాదు.

ఆయన గడ్డం గోక్కున్నాడు. “ముందే సెప్పకపోయారా మాస్టారూ, నాకు తెలీని ఇసయమేటి ఇది? మా కొట్లో అంతే గదండీ. ఖాతా మొత్తం కట్టేసినోడు మర్నాడు పక్క కొట్టుకి పోతాడు. అందుకే నేనెవుడినీ మొత్తం కట్టమని అడగను. ఎంతో కొంత ఉండాలండి, అప్పుడే మనిషి మళ్ళీ గుమ్మమెక్కుతాడు.” వంటింటివైపు చూసి అన్నాడు: “ఆ ఆడోళ్ళని ఉండనియ్యండి. ఆ సున్నా తీసేయండి.”

తీసేశాను. పద్ధతి తెలుసుకోవాలనుకునేవాళ్ళ కోసం: బొంగుని సరుకుల జాబితాలోంచే ఎత్తేశాను. సంత రోజు భోజనాలకి పట్టే బియ్యాన్ని వంటింటి ఖర్చుల కింద ‘ఇంటి భోజనాలు’ అని ఒక్క పద్దులో వేసేశాను. పేర్లు లేవు, బిల్లు లేదు. ఆడిటరు అడిగితే నేను జవాబు చెబుతానన్నాను. ఆయన అడగనే లేదు.

పని ముగిసి నేను తిరిగి వచ్చేసేరోజు వచ్చింది. మా ఆఫీసులో ఒక నియమం ఉండేది. పార్టీ దగ్గర, అంటే సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళ దగ్గర, తిన్న తిండికి డబ్బు కట్టెయ్యాలి, లేకపోతే మొహమాటానికి పని పెరుగుతుంది. అక్కడున్నన్నాళ్ళూ తిన్న భోజనాలు, టీలు అన్నీ కూడుకుని, కౌంటర్ మీద డబ్బు పెట్టాను. లోపల ఆడవాళ్ళు పాట పాడుకుంటూ అడ్డాకులు కుడుతున్నారు. ఆమె ఆ నోట్లు చూసింది, నావైపు చూసింది. మిషను మీట దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు.

“అంతా కట్టేసి ఎల్లిపోతావేటి బాబూ? మరింక రావేటి?”

ఒక నోటు వెనక్కి తీసి జేబులో పెట్టుకున్నాను. ఆమె మిగతావి గల్లాలో వేసుకుని, “సరే, ఎల్లిరా” అంది.